అందుకునే వైపే అసలు వింత

సీజను ఊపు మీదున్నప్పుడు మదనపల్లె మార్కెట్ యార్డులో ఎటు చూసినా టమోటా బాక్సులే. పచ్చికాయ, దోరకాయ, పండు... రంగును బట్టి రేటు. ఒక పండు తీసి అడ్డంగా కోయండి. అంచున గట్టి కండ, లోపల గదులు, గదుల నిండా గింజలు, గింజలను అంటిపెట్టుకుని జారిపోయే జిగురు. గింజలు తీసేసి వండేవాళ్లు వాటితో పాటు ఆ జిగురునూ పారేస్తారు. రుచి ఎక్కువగా దాగి ఉన్నది అందులోనే. బ్రిటన్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2007లో రకరకాల టమోటాలను కొలిచి చూశారు. గ్లుటామేట్ అనే చిన్న అణువు కిలో కండలో సగటున 1.26 గ్రాములుంటే, కిలో జిగురులో 4.56 గ్రాములుంది. కాయ పండేకొద్దీ ఇది పెరుగుతుంది. పండు టమోటా పప్పులో పడ్డప్పుడు పులుపు వెనకాల వచ్చే కమ్మదనం దీని చలవే.

ఇదే గ్లుటామేట్ మెదడులోనూ ఉంది. ఒక నాడీకణం మరో నాడీకణాన్ని తట్టి లేపడానికి పంపే కబుర్లలో అత్యధికం ఈ అణువు మీదుగానే నడుస్తాయి. అలాగని టమోటా తింటే ఆలోచన పెరుగుతుందని కాదు. తిన్న గ్లుటామేట్‌లో చాలా భాగాన్ని పేగుల గోడలే ఇంధనంగా వాడేసుకుంటాయి. మిగిలిన కాస్తా రక్తానికీ మెదడుకీ నడుమ ఉన్న కంచె దగ్గర ఆగిపోతుంది. మెదడు తనకు కావలసింది తనే తయారు చేసుకుంటుంది.

నాలుక మీద పడితే రుచి, మెదడులో చేరితే ఆలోచన. అణువు ఒకటే, దానికి సొంతంగా ఏ అర్థమూ లేదు. అర్థం ఇచ్చేది అవతల దాన్ని అందుకునే ప్రొటీన్. చిత్తూరు సీమ పడమటి మండలాల్లో మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా వెళ్తే పండులో, పశువులో, పాములో కనిపించే వింత ఇదే.

ఆకుకు చేరిన కబురు

ముందు మొక్క సంగతి. టమోటా ఆకును పురుగు కొరికిందనుకోండి. మొక్కకు నరాలు లేవు, మెదడు లేదు. అయినా దూరంగా ఉన్న ఆకుకు ఆ కబురు చేరుతుంది. 2018లో జపాన్, అమెరికా శాస్త్రవేత్తలు ఆవాల కుటుంబానికి చెందిన ఒక చిన్న మొక్కలో దీన్ని కళ్లారా చూశారు. కాల్షియం పెరిగిన చోటల్లా మొక్క మెరిసేలా ముందే మార్పులు చేసి, దాని మీద గొంగళి పురుగును వదిలారు. కొరికిన చోట కణాలు చిట్లి గ్లుటామేట్ బయటికి వచ్చింది. అక్కడి నుంచి వెలుగు అల సెకనుకు దాదాపు మిల్లీమీటరు వేగంతో ఈనెల వెంట పాకి ఒకటి రెండు నిమిషాల్లో మిగతా ఆకులకు చేరింది. అవి పురుగుకు సహించని రసాయనాలను సిద్ధం చేసుకోవడం మొదలుపెట్టాయి.

ఆ గ్లుటామేట్‌ను అందుకున్నవి మెదడులోని గ్లుటామేట్ గ్రాహకాలకు, అంటే దాన్ని అందుకునే ప్రొటీన్లకు, దూరపు చుట్టాలు. మొక్కల్లో ఇవి ఉన్నాయని 1998లోనే తెలిసింది. టమోటా మొక్కలోనూ ఈ కుటుంబం ఉంది. అంటే పండులో రుచినిచ్చే అణువే ఆకులో ఆపద కబురు మోస్తుంది.

సందుకు అవతల నల్లని చార

మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. అవి కబుర్లు మార్చుకునే చోట్లను నాడీసంధులు, సినాప్సులు అంటారు. కోటి కోట్ల దాకా ఉంటాయని అంచనా. చాలా సంధుల దగ్గర రెండు కణాలు ఒకదానికొకటి అంటుకోవు. నడుమ 20 నానోమీటర్ల సందు ఉంటుంది. మిల్లీమీటరును యాభై వేల ముక్కలు చేస్తే ఒక ముక్క ఎంతో అంత. పంపే కణం వేల గ్లుటామేట్ అణువులను ఒక్కసారిగా ఆ సందులోకి వదులుతుంది. అవి సందులో ఉండేది సెకనులో వెయ్యో వంతు కాలం. ఆ వెంటనే చుట్టుపక్కల కణాలు వాటిని ఊడ్చేస్తాయి. ఆ రెప్పపాటులో రెప్పపాటులోనే అవతలి వైపు వినేయాలి.

1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద మెదడు ముక్కను పెట్టి చూసినవాళ్లకు సందుకు అందుకునే వైపు ఒక నల్లని చార కనిపించింది. మందం 30 నుంచి 50 నానోమీటర్లు, వెడల్పు మూడు నాలుగు వందల నానోమీటర్లు. ఏమిటా చార? ప్రొటీన్లు. ఒకదాని మీద ఒకటి కిక్కిరిసిపోయి ఉండటం వల్లే అంత నల్లగా కనిపించింది. 2011లో మనుషుల మెదడు కణజాలంలోని ఈ చారను విడదీసి లెక్కపెడితే 1,461 రకాల ప్రొటీన్లు బయటపడ్డాయి.

చార పైభాగాన, పొరలో దిగబడి ఉండేవి గ్రాహకాలు. వాటిలో రెండు ముఖ్యం: ఆంపా, ఎన్ఎండీఏ. గ్లుటామేట్ తగలగానే ఆంపా గ్రాహకం తన నడిమి దారి తెరిచి సోడియాన్ని లోపలికి వదులుతుంది. మామూలు కబుర్లు దీని మీదుగానే నడుస్తాయి. కానీ కణం పొర నూనెలా జారుడుగా ఉంటుంది. ఆ పొరలో గ్రాహకాలు ఊరికే ఒకచోట నిలవవు, అటూఇటూ కొట్టుకుపోతుంటాయి. గ్లుటామేట్ పడే చోటికి సరిగ్గా ఎదురుగా వాటిని నిలబెట్టేవి చారలోని ఊత ప్రొటీన్లు. పడమటి మండలాల్లో టమోటాకు కర్రలు నాటి, దారాలు లాగి, కొమ్మలను పైకి కడతారు. కర్ర లేకపోతే కొమ్మ నేలకు వాలి కాయ మట్టిపాలవుతుంది. మెదడులో ఆ కర్ర పని చేసే ప్రొటీన్ పేరు పీఎస్‌డీ-95. అమెరికాలోని కాల్‌టెక్‌లో మేరీ కెనెడీ బృందం 1992లో దీని జన్యు నిర్మాణాన్ని బయటపెట్టింది. ఒక్కో సంధిలో ఇవి సుమారు 300 ఉంటాయని అంచనా. దీనికింద షాంక్, హోమర్ వంటి మరికొన్ని ప్రొటీన్లు అల్లుకుని, మొత్తం అల్లికను కణం అస్థిపంజరానికి కట్టిపడేస్తాయి.

ఇక ఎన్ఎండీఏ గ్రాహకం తీరే వేరు. గ్లుటామేట్ వచ్చి తగిలినా ఇది సామాన్యంగా దారి ఇవ్వదు. ఆ దారికి అడ్డంగా ఒక మెగ్నీషియం అయాన్ కూర్చుని ఉంటుంది. ఈ సంగతి 1984లో బయటపడింది. అందుకునే కణం అప్పటికే ఉత్తేజంలో ఉంటేనే ఆ మెగ్నీషియం పక్కకు తప్పుకుంటుంది. అవతల నుంచి కబురు రావాలి, ఇవతల మేలుకుని ఉండాలి. రెండూ ఒకే క్షణంలో కుదిరితేనే కాల్షియం లోపలికి వస్తుంది. కాల్షియం రాగానే క్యామ్ కైనేజ్-2 అనే ఎంజైమ్ మేల్కొంటుంది. దాని హడావిడితో కొత్త ఆంపా గ్రాహకాలు వచ్చి చారలో చేరతాయి. మరుసారి అంతే గ్లుటామేట్ పడినా ఈసారి గట్టిగా వినిపిస్తుంది. పంపినవాడు గొంతు పెంచనే లేదు, విన్నవాడి చెవి పెరిగింది. నేర్చుకోవడానికి పునాది ఇదేనని శాస్త్రజ్ఞులు అంటున్నారు.

పుంగనూరు ఆవు ముందు దూడ

పుంగనూరు ఆవు మూడడుగులకు అటూఇటూ ఉంటుంది. దాని దూడ చేతుల్లో ఎత్తుకునేంత. అంతరించే దశకు వచ్చిన ఈ జాతిని పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో కాపాడుతూ వస్తున్నారు. పొట్టిదైనా పొడుగుదైనా, ఈనిన ఆవు చేసే మొదటి పని ఒకటే. తడి ఆరని దూడను తల నుంచి తోక దాకా నాకుతుంది. ఆ కాసేపట్లోనే దూడ వాసన తల్లికి ఒంటబడుతుంది. దూడ చనిపోతే దాని తోలులో గడ్డి కూరి ఆవు ముందు నిలబెట్టి పాలు పితికే పాత పద్ధతి ఈ వాసన జ్ఞాపకం మీద ఆధారపడిందే.

తల్లి తలలో ఏం జరుగుతుందో గొర్రెల్లో చూశారు. గొర్రె ఈనిన రెండు గంటల్లోపు తన పిల్ల వాసన పట్టేస్తుంది. తర్వాత వేరే పిల్ల పొదుగు దగ్గరికి వస్తే తల విదిల్చి తరిమేస్తుంది. 1992లో కేంబ్రిడ్జి దగ్గర కీత్ కెండ్రిక్, బారీ కెవర్న్ బృందం గొర్రెల మెదడులో వాసన గుర్తించే భాగాన్ని పరిశీలించింది. ఈనకముందు అక్కడి కణాలు మేత వాసనలకే స్పందించేవి, పిల్ల వాసన వాటికి పట్టేదే కాదు. ఈనిన తర్వాత వాటిలో ఎక్కువ భాగం పిల్ల వాసనకు మొగ్గాయి. పిల్ల వాసన తగలగానే అక్కడ గ్లుటామేట్ విడుదల కూడా పెరిగింది. ముక్కు మారలేదు. పిల్ల వాసనా కొత్తగా పుట్టలేదు. అందుకునే సంధులు రెండు గంటల్లో మారిపోయాయి.

ఒకే మాత్ర, రెండు చోట్ల పని

మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం. క్షయ అంటే ఈ సీమలో ముందుగా గుర్తొచ్చే ఊరు. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యంలో ఇక్కడి శానిటోరియం 1915 నుంచి రోగులను చూసింది. క్షయకూ మెదడు గ్రాహకాలకూ ఏమిటి సంబంధం అనిపిస్తుంది. 1950లలో మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి సైక్లోసెరిన్ అనే క్షయ మందు తీశారు. అది క్షయ క్రిమి తన గోడ కట్టుకోకుండా అడ్డుపడుతుంది. అయితే మందు వేసుకున్న వాళ్లలో కొందరికి ఊపిరితిత్తులతో సంబంధం లేని మార్పులు కనిపించాయి. కొందరికి దిగులు తగ్గి, ఆకలీ నిద్రా మెరుగయ్యాయి. మరికొందరికి కంగారు, మతి చలించడం, మూర్ఛలు.

కారణం తేలింది 1989లో. ఎన్ఎండీఏ గ్రాహకం తెరుచుకోవడానికి గ్లుటామేట్ ఒక్కటే చాలదు. గ్లైసిన్ గానీ, డి-సెరిన్ గానీ మరో చోట తగలాలి. సైక్లోసెరిన్ రూపం డి-సెరిన్‌కు దగ్గరగా ఉండటంతో అది వెళ్లి ఆ రెండో చోట కూర్చుంటోంది. క్రిమి దగ్గర గోడ పని ఆపే అణువే మెదడులో గ్రాహకాన్ని సగం తెరిచే అణువు అయింది.

ఇలాంటి పోలిక ఎంత చేటు తెస్తుందో కేసరి పప్పు చెబుతుంది. కరువు రోజుల్లో వేరే దిక్కు లేక నెలల తరబడి అదే తిన్నవాళ్లకు కాళ్లు బిగుసుకుపోయి నడక పోయేది. 1964లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎస్.ఎల్.ఎన్.రావు, పి.ఆర్.అడిగ, పి.ఎస్.శర్మ ఆ గింజల్లోంచి ఒడాప్ అనే విషాన్ని వేరుచేశారు. రావు గారు తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ ఈ పంట మీద పనిచేశారు. ఒడాప్ గ్లుటామేట్‌ను పోలి ఉంటుంది. ఆంపా గ్రాహకం దాన్ని అసలు గ్లుటామేటే అనుకుని తెరుచుకుంటుంది. తెరిచి తెరిచి కణం అలిసి నశిస్తుంది.

కుప్పం గుట్టల్లో పాము, ముంగిస

మూడు రాష్ట్రాలు కలిసే చోట ఉంది కుప్పం. రాగి చేలు, వేరుశనగ చేలు, మల్బరీ తోటలు, వాటి నడుమ బండల గుట్టలు. ఎలుకలున్న చోట పాములుంటాయి. నాగుపాము విషంలో అరవై డెబ్బై అమైనో ఆమ్లాల పొడవున్న చిన్న ప్రొటీన్లు ఉంటాయి. అవి మెదడులోకి పోలేవు. నరం వచ్చి కండరాన్ని కలిసే సంధి దగ్గర, అందుకునే వైపున, నరం ఆజ్ఞను మోసే ఎసిటైల్‌కోలిన్ అణువు కోసం ఉన్న గ్రాహకాన్ని గట్టిగా కరుచుకుంటాయి. నరం ఆజ్ఞ పంపుతూనే ఉంటుంది, కండరానికి చేరదు. ముందు కనురెప్పలు వాలతాయి, మాట ముద్దగా మారుతుంది, గుటక పడదు, చివరికి ఊపిరి ఆడదు. ఇంత జరుగుతున్నా మనిషికి తెలివి ఉండొచ్చు.

కట్లపాము దారి వేరు. రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను నొప్పి తెలియకుండా కాటేసే ఈ పాము విషం ముఖ్యంగా పంపే వైపును, నరం కొసనే దెబ్బతీస్తుంది. అందుకే నాగుపాము కాటులో నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్ గ్రాహకం దగ్గర ఎసిటైల్‌కోలిన్‌ను పెంచి తరచూ మేలు చేస్తే, కట్లపాము కాటులో అంతగా పనిచేయదు. ఏ పామైనా చేయాల్సింది ఒకటే: కాటు పడిన కాలో చెయ్యో కదపకుండా, బిగించి కట్లు కట్టకుండా, వీలైనంత తొందరగా ఆసుపత్రికి చేర్చడం.

తైవాన్ కట్లపాము విషం నుంచి 1963లో వేరుచేసిన బంగారోటాక్సిన్ గ్రాహకాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, శాస్త్రజ్ఞులు దాన్నే గాలంగా వేసి 1970లో విద్యుత్ చేప ఒంట్లోంచి ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాన్ని బయటికి లాగారు. నాడీ కబురును అందుకునే ప్రొటీన్ ఒకటి మనిషి చేతికి చిక్కడం అదే మొదలు.

మరి ముంగిస? పాముతో పోరాడి కాటు తిన్నాక పొదల్లోకి పోయి ఏదో వేరు కొరికి వస్తుందని పల్లెల్లో చెప్పుకుంటారు. ముంగిసను కాపాడేవి దాని చురుకుదనం, దట్టమైన బొచ్చు, వాటితో పాటు దాని గ్రాహకం. 1992లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ శాస్త్రవేత్తలు ఈజిప్టు ముంగిస గ్రాహకాన్ని పరిశీలించారు. విషం పట్టుకునే చోట, 187వ స్థానంలో, వేరే అమైనో ఆమ్లం ఉంది. దాని మీద ఒక చక్కెర గొలుసు మొలిచి ఉంది. విషం అక్కడ కూర్చోలేదు, ఎసిటైల్‌కోలిన్‌కు మాత్రం దారి ఉంది. నాగుపాము తన విషానికి తను చావకుండా ఉండటానికీ ఇలాంటి ఏర్పాటే. దాని గ్రాహకంలో 189వ స్థానంలో చక్కెర గొలుసు ఉంటుంది. పందిలో, ముళ్లపందిని పోలిన హెడ్జ్‌హాగ్‌లో, ఆఫ్రికా హనీ బాడ్జర్‌లో 187వ స్థానంలో ధనావేశం ఉన్న అమైనో ఆమ్లం చేరి విషాన్ని నెట్టేస్తుందని 2015లో తేలింది. పుట్టుకలో సంబంధం లేని జంతువులు గ్రాహకంలోని ఒకే చిన్న మూలను వేర్వేరుగా దిద్దుకున్నాయి.

మారుతూ నిలిచేది

కుప్పం, పలమనేరు వైపు అడవులకు 1980లలో పొరుగు రాష్ట్రాల నుంచి ఏనుగులు వచ్చి స్థిరపడ్డాయి. వాటి కోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఏనుగు జ్ఞాపకానికి పేరు. 1993లో టాంజానియాలోని టారంగీరే పార్కులో కరువు వచ్చినప్పుడు కొన్ని గుంపులు పార్కు వదిలిపోయి తమ పిల్లలను ఎక్కువగా కాపాడుకున్నాయి. 1958-61 నాటి కరువును చూసిన ముసలి ఏనుగులే దారి చూపాయని పరిశోధకులు భావిస్తున్నారు.

ముప్పై ఏళ్లకు పైబడిన జ్ఞాపకం. కానీ చారలోని ప్రొటీన్లలో చాలావాటి ఆయుష్షు రోజులు, వారాలు మాత్రమే. పాతవి విరిగిపోతాయి, కొత్తవి వచ్చి చేరతాయి. ముక్కలన్నీ మారిపోతుంటే జ్ఞాపకం ఎలా నిలుస్తుందని 1984లో శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ క్రిక్ అడిగాడు. దీనికి వచ్చిన జవాబుల్లో ఒకటి క్యామ్ కైనేజ్-2 చుట్టూ తిరుగుతుంది. అది పన్నెండు భాగాల కూటమి. ఒక్కో భాగం పాతబడి పోయినా, పక్కవి కొత్తదానికి తమ ఉత్తేజిత స్థితిని అంటించగలవని ఆ ఊహ. ఎవరు ఉన్నారన్నది మారుతుంది, వాళ్లు కూర్చున్న తీరు మారదు.

ఈ ప్రొటీన్ల వంశం మెదడు కంటే పాతది. ఆస్ట్రేలియా పగడపు దిబ్బల్లో ఉండే ఒక స్పాంజికి నాడులు లేవు, సంధులు లేవు. 2007లో దాని జన్యువులు చదివితే అందుకునే వైపు అల్లికకు కావలసిన ప్రొటీన్లలో చాలావాటి జన్యువులు కనిపించాయి. వినవలసిన కబురు ఇంకా పుట్టకముందే వినే సరంజామా చాలా వరకు సిద్ధమైంది.

ఇంత పాత అల్లికలో ఒక పోగు తెగినా ఇంట్లో తెలుస్తుంది. చార ప్రొటీన్లలో లోపాల వల్ల 133 రకాల నాడీ, మానసిక వ్యాధులు రావచ్చని 2011 నాటి అధ్యయనం లెక్క. సిన్‌గ్యాప్ ప్రొటీన్ జన్యువుకు ఉన్న రెండు ప్రతుల్లో ఒకటి పాడైతే చాలు, బిడ్డకు మాట ఆలస్యమవుతుంది, ఎదుగుదల మందగిస్తుంది, తరచూ మూర్ఛలు వస్తాయి. ఇది 2009లో తెలిసింది. షాంక్-3 లోపం ఆటిజం కారణాల్లో ఒకటి. పెంపకం తప్పు, గ్రహబలం తక్కువ అని తల్లి మీద నిందలు వేసే చోట, ఇది ఒక ప్రొటీన్ కొరత అని తెలియడమే ఒక ఊరట.

2016లో ఎంఐటీలో గువోపింగ్ ఫెంగ్ బృందం షాంక్-3 లేకుండా పెరిగిన ఎలుకలకు పెద్దయ్యాక ఆ జన్యువును తిరిగి పనిచేయించింది. అందుకునే వైపు నిర్మాణం కోలుకుంది, తోటి ఎలుకలతో మెలగడం మెరుగైంది, ఒళ్లు రక్కుకునే అలవాటు తగ్గింది. భయం, నడక తడబాటు మాత్రం పోలేదు. అవి బాగుపడాలంటే జన్యువు చిన్నతనంలోనే తిరిగి రావాలి. ఏ ప్రొటీన్ లోటును ఏ వయసు దాకా పూడ్చవచ్చో ఒక్కొక్కటిగా తేల్చాలి. ఇప్పుడు పరిశోధకుల ముందున్న పని అదే.